మెడసిర తెలుపు గుండె స్థితి

గండికోట వద్ద పెన్నానదికి ఆనకట్ట ఉన్నది. నీరు ముందుకు సాగనిచో వెనుక మట్టము పెరుగును గదా! గుండె బలహీనమైనప్పుడు మెడసిరలలో జరుగునదియు ఇదియే.

మన బసవరాజీయము నాడీపరీక్షను విపులముగా వర్ణించినది. 1628లో హార్వే రక్తప్రసరణమును వివరించెను. 1816లో లెనెక్ చుట్టిన కాగితపు గొట్టముతో గుండె సవ్వడి వినెను; స్టెతస్కోపు పుట్టినది. 1930లో లూయిస్ మెడసిరలోని రక్తపు మట్టమును రొమ్మెముక కోణముతో పోల్చి చూచు పద్ధతిని తెలిపెను.

నేటి నర్సు రోగిని సుమారు 45 డిగ్రీల వాలులో పరుండబెట్టి ఈ మట్టమునే చూచును. అది ఆ కోణమునకు 3 సెంటీమీటర్లకు మించి ఎత్తున ఉన్నచో వైద్యునికి తెలుపును. మెడధమనులను మాత్రము ఒక్కొక్కటిగానే తాకవలెను. రెండింటిని ఒకేసారి నొక్కినచో మెదడుకు రక్తము తగ్గును.

ఖరీదైన యంత్రములు లేని పల్లె ఆసుపత్రిలోను ఒక స్కేలు, శ్రద్ధగల చూపు ప్రాణము నిలుపగలవు.