కాలిబాట పక్కన మూడు రాళ్ళు

తమిళనాడు, కేరళల్లో పాత బాటల పక్కన అక్కడక్కడా ఒక వింత కట్టడం కనిపిస్తుంది. నిలువుగా రెండు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక రాతి దిమ్మె. తలుపు లేదు, విగ్రహం లేదు. కొత్తగా చూసినవారు గుడి ద్వారం అనుకోవచ్చు, తులాభారం అనుకోవచ్చు.

ఊహించడం తప్పు కాదు, సరిచూడకపోవడమే తప్పు. హంపీలో విఠలాలయం దగ్గరున్న తులాభారాన్ని పోల్చి చూడండి. దాని ఎత్తు దాదాపు 5 మీటర్లు. త్రాసు వేలాడదీయడానికి దూలం అడుగున మూడు రాతి కొక్కేలున్నాయి. ఈ బాట పక్క కట్టడం ఇంచుమించు మనిషి ఎత్తు. కొక్కేలు లేవు, పైభాగం చదును. అంటే ఇది వేలాడదీయడానికి కాదు, పైన పెట్టడానికి.

ఏం పెట్టడానికి? నెత్తిన బరువైన మూటతో ఒంటరిగా నడిచే మనిషికి దాన్ని దించాలన్నా, మళ్ళీ ఎత్తుకోవాలన్నా ఇంకొకరి సాయం కావాలి. ఈ దిమ్మె ఆ రెండో మనిషి పని చేస్తుంది. తమిళులు సుమైతాంగి అంటారు, మలయాళీలు అత్తాణి అంటారు.

తమిళనాట గర్భంతో చనిపోయిన స్త్రీ జ్ఞాపకార్థం దీన్ని నిలిపే ఆచారం ఉండేది. బాటసారులు మూట దించుకుంటే, ఆమె దించుకోలేకపోయిన భారం తీరుతుందని నమ్మకం. చనిపోయినామె భారం తీరిందనడానికి ఆధారం లేదు. బతికున్న కూలీ మెడకు ఊరట దొరికిందనడానికి ఆ రాయి ఎత్తే ఆధారం.

నమ్మకాన్ని కాదన్నంత మాత్రాన రాయిని తీసిపారేయకూడదు. కాన్పు కాకుండానే పోయిన ఒక పేద తల్లి గురించి మిగిలిన సాక్ష్యం అదొక్కటే కావచ్చు.