కోత, మేట

గోదావరి వరద తీశాక లంకల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకరి పొలం కోతకు పోయింది. ఇంకొకరి పొలంలో ఇసుక మేట వేసింది. విపత్తు సాయం నిబంధనల్లోనూ ఇవి వేర్వేరు పద్దులే. మేట మందం 3 అంగుళాలు దాటితేనే సాయం అందుతుంది.

పాఠ్యపుస్తకాలు మేట అనవు, అవక్షేపం అంటాయి. అవ అంటే కిందికి, క్షేపం అంటే వేయడం. ఆ మాట చూపంతా కిందికి పడిన పదార్థం మీదే. మేట చూపు ఎత్తు మీద. తమిళంలో మేడు అంటే ఎత్తయిన నేల. మన మెట్ట, మిట్ట, గడ్డిమేటు ఆ కుదురులోవే. పైగా మేటకు తేదీ ఉంటుంది. ఫలానా వరదకు వేసిన మేట అని ఊరంతా చెబుతుంది. అవక్షేపానికి అలాంటి జ్ఞాపకం లేదు.

చమురు వెతికేవాళ్లకు కావలసింది ఆ జ్ఞాపకమే. రాయి ఏ రకమో తెలిస్తే చాలదు, సముద్రం ఏ మట్టంలో ఉండగా ఆ మేట పడిందో తెలియాలి. ఉత్తర అమెరికా శిలల్ని ఖండమంతటా పాకిన కోతల ఆధారంగా ఆరు వరుసలుగా విడదీసి 1963లో చూపినవాడు లారెన్స్ స్లాస్. ఆయన శిష్యుడు పీటర్ వెయిల్, ఎక్సాన్ సహచరులతో కలిసి 1977లో ఆ చూపును నేల లోపలి పొరలను చూపే సీస్మిక్ చిత్రాలకు తెచ్చాడు. సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ అనే పద్ధతి అలా నిలదొక్కుకుంది. సీస్మిక్ చిత్రంలో వాలుగా సాగే గీతలు ఒకచోట ఒక్కసారిగా తెగిపోతాయి. వాటి పైన కొత్త గీతలు వచ్చి ఆనుతాయి. తెగిన చోటు కోత. కోతకూ కోతకూ నడుమ పడిన మేటలన్నీ కలిపి ఒక సీక్వెన్స్. లంక రైతు జంటగా వాడే మాటల్లోనే దాని నిర్వచనం ఇమిడిపోవడం నాకు ఎంతో సంతోషం.

సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. అలాంటి కాలాల్లో నదులు బయటపడ్డ సముద్రపు నేలను కోసుకుంటూ పోయి, ఇసుకను లోతు నీళ్లలోకి తోస్తాయి. చమురు, గ్యాసు నిలవగలిగేది ఆ ఇసుక రేణువుల సందుల్లో. మట్టం పెరిగితే ఇసుక తీరం దగ్గరే ఆగిపోతుంది. దూరాన మెత్తటి బురద ఒక్కటే, చాలా నెమ్మదిగా దిగుతుంది. ప్రాణవాయువు అందని చోట అందులోని జీవావశేషాలు కుళ్లిపోకుండా మిగులుతాయి, లోతున ఉడికి చమురవుతాయి. ఈ బురదను మేట అనడానికి నాకు మనసొప్పదు. మేట అనగానే రైతుకు తోచేది పొలాన్ని పాడుచేసే ఇసుక. పంటకు మేలుచేసే మెత్తని మట్టి అతనికి ఒండ్రు. చమురుకు ఆ రెండూ కావాలి. ఇసుక మేటను కప్పుతూ మళ్లీ మెత్తని మట్టి మూతలా పరుచుకోవాలి కూడా.

కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు పుట్టే ముఖ్యమైన శిల, అంటే మూలశిల, రాఘవాపురం షేల్. దానిపైన తిరుపతి ఇసుకరాయి. ఆ తిరుపతి ఏడుకొండలది కాదు, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోని చిన్న తిరుపతి, అంటే ద్వారకా తిరుమల. మండపేట, గొల్లపల్లి, కొమ్ముగూడెం కూడా ఇక్కడ శిలల పేర్లే.

చమురు బావి నుంచి తెచ్చిన రాతిముక్కను వేడిచేసి అందులోంచి ఎంత హైడ్రోకార్బన్ వస్తుందో కొలుస్తారు. ఆ కొలత ఆ ఒక్క బావికే చెల్లుతుంది. పక్క బావికి మధ్యలో ఒక పాత నది మూతను కోసుకుపోయి ఉంటే, కింద ఎంత మంచి మూలశిల ఉన్నా చమురు పైకి జారిపోవచ్చు. అందుకే పటం గీసేవాళ్లు మేట కంటే ముందు కోతను వెతుకుతారు.