జమ్మిచెట్టు మీది గాండీవం

వాన ముఖం చాటేసిన ఏడు అనంతపురం పల్లెల్లో విరాటపర్వం ఆడించేవాళ్లు. శెనక్కాయ చేను వాడిపోయి, చెరువు అడుగు నెర్రెలిచ్చాక ఊరి పెద్దలు ఇంటింటా చందా ఎత్తి తోలుబొమ్మలాట వాళ్లకు కబురంపేవాళ్లు. విరాటపర్వం చదివినా, ఆడినా వాన పడుతుందని తెలుగునాట ఏనాటి నుంచో ఉన్న నమ్మకం. ఉత్తర గోగ్రహణం నడిచే రాత్రి జనం ఒక కన్ను తెర మీదా, ఒక కన్ను ఆకాశం మీదా పెట్టుకుని కూర్చునేవారు.

నా ఆలోచన మాత్రం ఎప్పుడూ తెర వెనక్కే పోతుంది. ఆటగాడి చేతిలో ఉన్నది చెప్పులు కుట్టే పదును తోలు కాదు. వెంట్రుకలు గీకి, ఎండలో లాగి కట్టి ఆరబెట్టిన పచ్చితోలు. నీళ్లు తగిలితే మెత్తబడి వంకర్లు పోతుంది, రంగు కారుతుంది. తన ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువును ఆరుబయట నిలబెట్టి, దాన్ని పాడు చేసేదాన్నే రమ్మని రాత్రంతా పిలుస్తున్నాడన్నమాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అవుతుంది, ఈశాన్యపు మేఘం తీరం నుంచి ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతుంది. కాబట్టి చాలా రాత్రులు బొమ్మలు తడవకుండానే పెట్టె చేరి ఉంటాయి. అయినా తెగింపు తెగింపే.

ఖరీదైన వాద్యాన్ని కచేరీకి మోసుకుపోవాలా, దాన్ని ఇంట్లో భద్రం చేసి మామూలు దానితో పని కానిచ్చుకోవాలా అనే ఇలాంటి తగవే గిటారు వాయించేవాళ్లలోనూ ఏళ్ల తరబడి నడుస్తోంది. వాళ్ల కథల్లో అన్నిటికన్నా పాతది బి.బి.కింగ్‌ది. 1949 చలికాలం, అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని ట్విస్ట్ అనే చిన్న ఊళ్లో డ్యాన్సు హాలు. చలికి హాలు మధ్యలో పీపాలో కిరోసిన్ పోసి మంట పెట్టారు. ఇద్దరు మగాళ్లు ఒక ఆడమనిషి కోసం కొట్టుకుంటూ పీపాను తన్నేశారు. హాలు అంటుకుంది. బయటపడ్డ కింగ్ గిటారు లోపలే ఉండిపోయిందని మళ్లీ మంటల్లోకి దూరాడు. అది పెద్ద ఖరీదైనదేమీ కాదు. అలాంటి పిచ్చిపని ఇంకెప్పుడూ చేయకూడదని గుర్తుండటానికి ఆ ఆడమనిషి పేరే, లుసీల్ అని, తన గిటార్లన్నిటికీ పెట్టుకున్నాడు.

ఇంకో వైపు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ గిటారు ఉంది. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ వేదికల మీదా స్టూడియోల్లోనూ వాయించి, దాని మెడ మార్చి, పికప్‌లు మార్చి, అవసరమొచ్చినప్పుడల్లా కోతలు పెట్టించి, 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలానికి పెట్టాడు. 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. కొన్ననాటి నుంచి పెట్టెలోనే ఉండుంటే ఆ ధర కలలో మాట. వాయించడం వల్లే విలువ వచ్చింది, విలువ వచ్చాక వాయించాలంటే భయం పట్టుకుంటుంది. ఎరిక్ క్లాప్టన్ తన గిటారు బ్లాకీని 1985లోనే వేదిక దించేశాడు. విల్లీ నెల్సన్ మాత్రం 1969 నుంచి ఒకే మార్టిన్ గిటారును వాయిస్తూ వచ్చాడు. పిక్ రాసుకుని రాసుకుని పైచెక్కకు రెండో బెజ్జం పడింది. నా ఓటు నెల్సన్‌కే. కాకపోతే అది కర్ర. కర్ర బాధ వేరు, తోలు బాధ వేరు.

ధర్మవరం అంటే అందరికీ పట్టుచీర గుర్తొస్తుంది. ఆ మండలంలోనే ఉంది నిమ్మలకుంట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ అనంతపురం వాళ్లు ఇంకా మా ఊరనే చెప్పుకుంటారు. అక్కడి బొమ్మలాట కుటుంబాల్లో దళవాయి అనే ఇంటిపేరు ఎక్కువ. దళవాయి అంటే సేనాపతి. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక పాడేది తెలుగు పద్యం. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆట మాత్రం వాళ్లకన్నా పాతది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తెర మీద బొమ్మలాడించడం గురించి రాశాడు. అదే శతాబ్దపు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ఈ ఆటగాళ్ల నోళ్లలో ఇప్పటిదాకా బతికింది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు కింద నిలబడి తలెత్తి చూస్తే పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, అంచుల చీరలు కనిపిస్తాయి. ఈ బొమ్మలకు అన్నదమ్ముల్లా అనిపిస్తాయి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. రాతికప్పు మీద ఉన్నవి ఐదొందల ఏళ్లుగా కదల్లేదు, అయినా రంగు పెచ్చులూడుతూనే ఉంది. కదలకపోవడం కాపాడుతుందనుకోవడం ఎంతవరకు నిజమో అక్కడే తెలుస్తుంది.

పాత బొమ్మను చేతికిస్తే ముందు తెలిసేది చప్పుడు. ఎండిన తోలు కదిపితే రావాకుల్లా గలగలమంటుంది. ఆంధ్ర బొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి, కొన్ని మనిషెత్తు. మెడ, భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర దారంతో ముడివేసిన కీళ్లు. నడుం మీద చీల్చిన బద్ద. ఆ బద్ద పట్టుకునే చోట చేతి చెమటా, ఆముదం దీపం మసీ కలిసి తోలు నల్లబడి ఉంటుంది. వెలుగుకు ఎత్తి పడితే ఆ నలుపు చుట్టూ తేనె రంగు. కిరీటం, హారం, వడ్డాణం అన్నీ ఉలితో పొడిచిన బెజ్జాలే. వెలుగు అందులోంచి వస్తేనే నగ. అంటే ఎంత నగ పెడితే అంత తోలు పోయినట్టు. ఎక్కువ పనితనం ఉన్న చోటే బొమ్మ ముందు చిరుగుతుంది. రెండు బెజ్జాల మధ్య మిగిలిన నూలుపోగంత తోలు ఒక యుద్ధ ఘట్టం తట్టుకుంటుంది, రెండు తట్టుకుంటుంది. ఎన్నాళ్లని?

మద్దెలకు మూత మార్చొచ్చు, హార్మోనియానికి రీడు మార్చొచ్చు. బొమ్మకు చెయ్యి చిరిగితే కొత్త చెయ్యి కడతారు. అలా కొన్ని బొమ్మలకు ముఖం తాత చేసింది, చెయ్యి మనవడు చేసింది అయి ఉంటుంది. ముఖం చిరిగితే మాత్రం మార్చడానికేమీ లేదు.

తేమ సంగతి ఇంకో తలనొప్పి. గిటారు తయారీదార్లు గాలిలో నలభై ఐదు నుంచి యాభై ఐదు శాతం తేమ ఉండాలంటారు. ఏప్రిల్లో ఇక్కడి గాలికి ఆ లెక్క తెలియదు. చదువుకునే రోజుల్లో మా గదిలో ఒక గిటారు ఉండేది. చలికాలం కొన్నది, మే నాటికి పైచెక్కన వెంట్రుకంత బీట పెట్టింది. మేం అప్పుల వాళ్లను తిట్టినట్టు ఎండను తిట్టుకున్నాం. తోలు ఈ ఎండకు చిట్లదు గానీ బిర్రబిగుస్తుంది. బిగిసిన బొమ్మను ఒక్కసారిగా విదిలిస్తే కీలు దగ్గర పుటుక్కుమంటుంది.

పాతవాటికి ఇంకో విలువ ఉంది. పూర్వం దేవుళ్లకూ నాయకులకూ జింక జాతి తోలు, తక్కినవాళ్లకు మేకతోలు వాడేవాళ్లు. పది తలల రావణుడు ఒక తోలుకు లొంగేవాడు కాదు, కనీసం నాలుగు కావాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు మాట ముగిసింది. ఇప్పుడంతా మేకతోలే. గిటార్లకూ అచ్చం ఇదే జరిగింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసిన పాత గిటార్లకు అంత గిరాకీ ఎందుకంటే, 1992లో ఆ కర్ర అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపేశారు. మళ్లీ చేయడానికి వీల్లేని వస్తువు మీద చెయ్యి వేయాలంటే ఎవరికైనా వణుకే.

ఇలాంటి జింకతోలు రాముణ్ణి తెర మీదికి తేవాలా? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు కరువే చెప్పేసింది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఆటలు తగ్గాయి. ఆట లేని రాత్రి బొమ్మ తిండి పెట్టదు. పాతవాటిని వెతుక్కుంటూ కొనేవాళ్లు వచ్చారు, అమ్మినవాళ్లు అమ్మారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అదే పనితనం ఇప్పుడు ఎక్కువగా ల్యాంప్‌షేడ్ల మీదికి, గోడ పటాల మీదికి పోయింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొయ్యి వెలుగుతున్నది దీపాల వల్లే.

మ్యూజియంలో పెడితే బాగుంటుందంటారు కొందరు. గిటారును అద్దాల పెట్టెలో పెట్టినా గిటారులాగే కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో 1716 నాటి మెస్సయా స్ట్రాడివేరియస్ వయొలిన్ కొత్తదానిలా మెరుస్తూ, మాట్లాడకుండా కూర్చుని ఉంది. తోలుబొమ్మకు ముందు నుంచి లైటు వేసి గోడకు కొడితే అది మసి పట్టిన తోలుముక్క, అంతే. దానికి వెనక నుంచి వెలుగు కావాలి, వెలుగుకూ మనకూ మధ్య ఒక గుడ్డ కావాలి. పగానిని వయొలిన్ విషయంలో జెనోవా నగరం కొంత తెలివిగా ఉంది. 1743లో గ్వర్నేరి చేసిన ఆ వయొలిన్‌ను భద్రంగా దాచి, అప్పుడప్పుడు మంచి విద్వాంసుడి చేతికిచ్చి వాయింపిస్తుంది.

నకలు చేసుకుంటే పోలేదా అంటారు ఇంకొందరు. ఇందులో నిమ్మలకుంట వాళ్లు గిటారు వాళ్లకన్నా ముందున్నారు. తోలులోంచి చూపు పోతుంది కదా, పాత బొమ్మ మీద కొత్త తోలు పరిస్తే గీత కిందనుంచి కనబడుతుంది. దాన్నే దించుకుంటారు. పాతది కొత్తదానికి తల్లి అయ్యాక దాని పని తగ్గుతుంది గానీ పోదు. నకలుతో ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ద హేట్‌ఫుల్ ఎయిట్ సినిమాలో మార్టిన్ కంపెనీ మ్యూజియం నుంచి తెచ్చిన 1870ల నాటి గిటారు వాడారు. పగలగొట్టే సీనుకు నకళ్లు సిద్ధంగా పెట్టుకున్నారు. చేతిలో ఉన్నది ఏదో కుర్ట్ రస్సెల్‌కు ఎవరూ చెప్పలేదు. అసలుదే స్తంభానికేసి కొట్టాడు. కెమెరాలో పడ్డది ఆ సీనులో ఉన్న నటి నిజమైన కేకే. ఆ తర్వాత మార్టిన్ వాళ్లు సినిమాలకు గిటార్లు ఇవ్వడం మానేశారు.

నన్నడిగితే రోజువారీ ఆటకు మేకతోలు కొత్త బొమ్మలే చాలు. ఊరేగింపులకు, స్కూలు ప్రదర్శనలకు, సర్కారు సభలకు పాతది తీయనక్కర్లేదు. విరాటపర్వం రాత్రికి మాత్రం తీయాలి. అది వాన అడగడానికి వచ్చిన రాత్రి. అడిగేవాడు ఇంట్లో రెండోరకం వస్తువు పట్టుకుని రాడు. పక్కన కాలే బల్బు బదులు చల్లగా ఉండే ఎల్‌ఈడీ పెట్టమని మాత్రం బతిమాలుతాను. ఆముదం దీపం కాంతి వణికితే బొమ్మ ఊపిరి తీసుకున్నట్టుండేదని పాతవాళ్లంటారు. అది పోతుంది, ఒప్పుకుంటాను.

ఈ తగవు విరాటపర్వంలోనే ఉంది. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కట్టి పోతారు. ఏడాది పాటు గాండీవం ఎవరి చేతిలోనూ లేదు. దాని యజమాని ఆడవేషంలో బృహన్నలగా ఉత్తరకు ఆట నేర్పుతున్నాడు. కౌరవులు గోవులను తోలుకుపోయిన నాడు దాన్ని దించక తప్పలేదు.

తెర మీద ఈ ఘట్టం వచ్చేసరికి జమ్మిచెట్టును ముళ్లతో తెరకు గుచ్చి నిలబెడతారు. ఉత్తరకుమారుడు ఎక్కనంటాడు, శవమంటాడు, వణుకుతాడు. కింద బృహన్నల తొందరపెడతాడు. జనం నవ్వుతుంటారు. మూట విప్పగానే తెర వెనక ఆటగాడు కాలి కింది పలకను దడదడ తొక్కుతాడు, గజ్జెలు మోగుతాయి, అది వింటి మోత. అదే సమయానికి బయట నిజంగానే ఉరిమితే, జనం లేచి తలలు పైకెత్తితే, హార్మోనియం మాత్రం ఆగదు. బొమ్మల పెట్టె మూత ముందే తీసి పెట్టి ఉంటుంది.