వైర్‌షార్క్ అప్‌డేట్ చేయగానే ప్లగిన్ మాయం.. ఎందుకిలా? డిసెక్టర్ల వెనుక అసలు పని ఇదీ!

నెట్‌వర్క్‌లో ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవడానికి చాలామంది ఇంజినీర్లు తెరిచే సాఫ్ట్‌వేర్ వైర్‌షార్క్. 1998లో గెరాల్డ్ కోంబ్స్ దీన్ని ‘ఎథీరియల్’ పేరుతో విడుదల చేశారు. ట్రేడ్‌మార్క్ చిక్కుతో 2006లో పేరు మారింది. వాడటానికి పైసా కట్టక్కర్లేదు. కానీ దాన్ని నడిపించడం మాత్రం ఎప్పటికీ తెమలని పని.

డిసెక్టర్ అంటే ఏంటి?
ప్యాకెట్ అంటే వరుసగా ఉండే బైట్లే. ఏ బైట్‌కు ఏ అర్థమో విప్పి చెప్పే కోడ్ ముక్కే డిసెక్టర్. ఈథర్‌నెట్ డిసెక్టర్ తన వంతు చదివి మిగతాది ఐపీకి ఇస్తుంది. ఐపీ దాన్ని టీసీపీకో, యూడీపీకో అప్పగిస్తుంది. పోర్ట్ 53 కనిపిస్తే డీఎన్ఎస్ డిసెక్టర్ రంగంలోకి దిగుతుంది. పోర్ట్ నంబర్‌తో తేలకపోతే బైట్ల తీరు చూసి ఊహించేవీ ఉన్నాయి. ఇవే అసలు తలనొప్పి. పరీక్ష వదులుగా రాస్తే పక్క ప్రోటోకాల్ ప్యాకెట్లను కూడా మావేనంటూ లాగేసుకుంటాయి!

ప్రోటోకాల్ మారితే డిసెక్టర్ కూడా మారాలి. క్విక్ ప్రోటోకాల్ 2021 మేలో ప్రమాణంగా వచ్చేలోపు ఎన్నో ముసాయిదాలు దాటింది. వాటి వెంట డిసెక్టర్ కూడా పరుగెత్తాల్సి వచ్చింది.

మరి ప్లగిన్ ఎందుకు పోతుంది?
సీ భాషలో రాసిన ప్లగిన్ ఏ సిరీస్ కోసం తయారైతే దానికే పనికొస్తుంది. 4.2 కోసం కంపైల్ చేసింది 4.4లో లోడ్ కాదు. ఫోల్డర్ పేరులోనే వెర్షన్ నంబర్ ఉంటుంది కాబట్టి కొత్త వైర్‌షార్క్ పాత ఫోల్డర్ వైపే చూడదు. ఫైల్‌ను కాపీ చేసి పెట్టినా వేరే వెర్షన్‌కు తయారైందంటూ పక్కన పెట్టేస్తుంది. కొత్త సోర్స్‌తో మళ్లీ కంపైల్ చేయడమే దారి. లువా స్క్రిప్ట్‌కు ఈ బాధ తక్కువ. అయితే 4.4తో లువా 5.1, 5.2లకు సపోర్ట్ ఆగిపోయింది. అందుకే పాత స్క్రిప్టులను ఒకసారి నడిపి చూసుకోవాలి.

భద్రత సంగతేంటి?
ఇదే అన్నిటికన్నా సీరియస్. డిసెక్టర్ చదివేది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన డేటాను. పొడవు తప్పుగా రాసిన ఒక్క ప్యాకెట్ చాలు, బలహీనమైన డిసెక్టర్ క్రాష్ అవ్వొచ్చు, లేదంటే లూప్‌లో ఇరుక్కోవచ్చు. అందుకే హద్దు దాటి చదవబోతే ఆపేసి, ‘మాల్‌ఫార్మ్‌డ్ ప్యాకెట్’ అని చూపించే ఏర్పాటు లోపలే ఉంది. కావాలనే పాడుచేసిన ప్యాకెట్లతో డెవలపర్లు పరీక్షలు కూడా చేస్తుంటారు. అయినా కొన్ని లోపాలు బయటపడుతూనే ఉంటాయి, చిన్న అప్‌డేట్లలో సరిచేస్తుంటారు.

వైర్‌షార్క్‌ను రూట్ అధికారాలతో నడపొద్దని చెప్పేదీ ఇందుకే. ప్యాకెట్లు పట్టే పని ‘డంప్‌క్యాప్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ది, అధికారాలు దానికిస్తే సరిపోతుంది. సొంత ప్లగిన్ ఉన్నవాళ్లు పాత క్యాప్చర్ ఫైళ్లు కొన్ని దాచుకుని, వెర్షన్ మారినప్పుడల్లా వాటినే మళ్లీ తెరిచి ఫలితాలు పోల్చుకోవచ్చు.