మణలి కంపెనీలు మురుగునీళ్ళు కొన్న కథ



మొన్న మన సమావేశం అయ్యాక కాఫీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు: "పెద్దాయనా, కంపెనీలు పర్యావరణం అంటూ మాట్లాడతాయే, అది నిజంగా మనసులో ఉండేనా, గేటు ముందు బోర్డు కోసమేనా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం మన జిల్లాలోనే జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

2019 జులై గుర్తుందా? పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్ళతో రైలు బయలుదేరి, అరక్కోణం, మన తిరువళ్ళూరు మీదుగా విల్లివాక్కం చేరింది. బొగ్గు, సిమెంటు, ఎరువు లెక్కలు రాసిన చేతికి నీళ్ళ రైలు వింతే. 1856లో రాయపురం నుంచి మొదటి బండి మన ఊరి మీదుగా పోయినప్పుడు ఇంజనుకు మనవైపు వాళ్ళు నీళ్ళు పట్టి ఉంటారు. ఇప్పుడు బండే నీళ్ళు మోసుకొచ్చింది.

అయితే ఆ కరువులో మణలిలో కొన్ని ఫ్యాక్టరీలకు ఒక దారి ముందే ఉంది. ఆ దారి పేరు మురుగు.

1965లో మద్రాస్ రిఫైనరీస్, మరుసటి ఏడు మద్రాస్ ఫెర్టిలైజర్స్ మణలిలో పుట్టాయి. రెండూ సర్కారు చేయి ఉన్నవే. నూనె శుద్ధి చేయాలన్నా, యూరియా చేయాలన్నా యంత్రాలను చల్లబరచడానికి నీళ్ళు కావాలి, అదీ రాత్రీ పగలూ. అప్పుడు ఐక్యరాజ్యసమితి సాయంతో మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం వైపు భూగర్భ జలం వెతికారు. కొసస్థలయ్యారు, ఆరణియారు ఇసుక కింద మంచి నీళ్ళు పుష్కలంగా దొరికాయి. 1969 నుంచి మీంజూరు బోర్ల నీళ్ళు మణలికి వెళ్ళాయి.

ఇక్కడ కంపెనీని ఊరికే తిట్టడం నాకు సరిగా తోచదు. పక్కనే తియ్యటి నీళ్ళు చవగ్గా వస్తుంటే, కోట్లు పోసి మురుగును శుద్ధి చేసుకుందామని ఏ మేనేజరు పైవాళ్ళకు ఫైలు పెడతాడు? పెట్టినా ఆడిటు ఏమంటుంది? నేను ఆఫీసులో పనిచేసినవాణ్ణి, ఆ ఫైలు గతి నాకు తెలుసు. బోరు నీళ్ళ ఖరీదులో రైతు బావి ఎండిన నష్టం ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉండని ఖర్చును ఎవరూ తగ్గించరు.

ఆ ఖర్చు సముద్రం వసూలు చేసింది. తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి జరిగింది. 1969లో తీరం నుంచి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉప్పు అంచు 1983కి 7, 1987కి 9 కిలోమీటర్లకు వచ్చిందని లెక్కలు. వరి పండిన చేలు పాడయ్యాయి. 1987లోనే సర్కారు చెన్నపట్నం చుట్టుపక్కల భూగర్భ జలానికి చట్టం తెచ్చింది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ సంతకాలు చేసిన తెలుగు గంగ నీళ్ళు మాత్రం పూండికి చేరడానికి 1996 దాకా పట్టింది.

మధ్యలో కరువు మీద కరువు. ఊరికి తాగడానికే లేనప్పుడు ఫ్యాక్టరీకి కోత పడక తప్పదు. నీళ్ళు లేక ప్లాంటు ఆగితే ఒక్కో రోజుకు ఎంత నష్టమో వాళ్ళకు లెక్క తెలుసు. అప్పుడు కళ్ళు పక్కనే ఉన్న కొడుంగైయూర్ మురుగు శుద్ధి కేంద్రం మీద పడ్డాయి. అక్కడ వాన కురిసినా కురవకపోయినా నీళ్ళు తగ్గవు! 1990ల మొదట్లో ఈ రెండు కంపెనీలూ మెట్రోవాటర్ దగ్గర ఆ నీళ్ళు కొని, తమ ఆవరణలోనే మళ్ళీ వడపోసి, క్లోరిన్ కలిపి, చివరకు ఆర్‌వో పొరల గుండా పంపి వాడుకోవడం మొదలుపెట్టాయి. మన ఇళ్ళల్లో ఆర్‌వో డబ్బా గోడకెక్కక చాలా ముందు మాట ఇది. దేశంలోనే తొలి ప్రయత్నాల్లో ఒకటి.

తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. మనసు మారి కాదు, భయపడి. కానీ భయం ఒక్కటే చాలదు. నీళ్ళు అమ్మడానికి మెట్రోవాటర్ ఒప్పుకుంది, పైపు వేసేంత దగ్గరలో మురుగు ఉంది, ఖర్చు భరించే పెద్ద కంపెనీలు ఉన్నాయి. మూడూ కలిశాయి.

అందుకే చిన్నవాళ్ళు వెంటనే అనుసరించలేదు. ఎవరికి వాళ్ళు ఆర్‌వో కట్టుకోలేరు, లారీ నీళ్ళు ఫోను చేస్తే వస్తాయి. మెట్రోవాటరే కొడుంగైయూర్‌లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్లు బాగా శుద్ధి చేసి మణలి, ఎన్నూరు ఫ్యాక్టరీలకు ఇచ్చే కేంద్రం తెరిచింది 2019 అక్టోబరులో. కోయంబేడులో అంతే పెద్దది శ్రీపెరుంబుదూరు వైపు కోసం తర్వాతి నెల. మొదటి ప్రయత్నానికీ దీనికీ పాతికేళ్ళ పైమాటే.

చట్టం కర్ర పట్టుకున్న చోట వేరే కథ. పాలారు తోలు ఫ్యాక్టరీల మీద 1996లో సుప్రీంకోర్టు, తిరుప్పూరు అద్దకం పనివాళ్ళ మీద 2011లో మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టాయి. తిరుప్పూరులో యూనిట్లు మూతపడ్డాయి, కూలీలు వీధిన పడ్డారు, తర్వాత సర్కారు వడ్డీ లేని అప్పు ఇస్తేనే ఉమ్మడి శుద్ధి కేంద్రాలు లేచాయి. అప్పు ముందిచ్చి, గడువు పెట్టి ఉంటే ఆ కూలీల పొట్ట కొట్టేవాళ్ళం కాదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, కోపం లేదు.

మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో 2010లో సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు కట్టింది మన హైదరాబాదు ఐవీఆర్‌సీఎల్, ఒక స్పెయిన్ కంపెనీ కలిసి. 25 ఏళ్ళు నీళ్ళు కొంటామని ఒప్పందం చేతికిచ్చారు కాబట్టి పెట్టుబడి వచ్చింది. కరెంటు ఎక్కువ తాగుతుంది, మిగిలిన ఉప్పునీరు మళ్ళీ సముద్రానికే పోతుంది. అది పచ్చనిదా కాదా అన్నది ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఏ సముద్రం బావుల్లోకి వచ్చిందో దాన్నే శుద్ధి చేసి తాగుతున్నాం.

మీంజూరు, పొన్నేరి వైపు చుట్టాలున్న సభ్యులు ఒక్క సాయం చేయండి. మీ ఊళ్ళో బావినీళ్ళు ఏ సంవత్సరం నుంచి ఉప్పయ్యాయో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఊరి పేరుతో ఇక్కడ రాయండి. అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కిస్తాను.