అచ్చుకూటాలు ఎన్నో, తపాలా ఒక్కటే

1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టిన నాటికి ఆయనకు సొంత అచ్చుకూటం లేదు. రాసేది గోదావరి ఒడ్డున, అచ్చు వేయించేది మద్రాసులో. రాజమండ్రికి ఇంకా రైలు రాని రోజులవి. రాత అంత దూరం వెళ్లాలి, అచ్చయిన ప్రతులు మళ్లీ అంత దూరం రావాలి. ఆ అవస్థ ఎక్కువకాలం పడలేక ఆయన స్నేహితులతో కలిసి రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. లంచాలు మరిగిన ఉద్యోగుల మీద, కచేరీల్లోని కుళ్లు మీద, ముసలివాళ్లకు పసిపిల్లలనిచ్చి చేసే పెళ్లిళ్ల మీద ఆ పత్రిక ఎలా విరుచుకుపడిందో తెలుగువాళ్లకు తెలిసిన కథే. వకీళ్లను ఎండగట్టిన ‘వ్యవహార ధర్మబోధిని’ రాసిన మనిషికి తన మాట ఎక్కడ అచ్చవుతుందన్నది చిన్న విషయం కాదు. నేటి సామాజిక మాధ్యమాల గురించి జరుగుతున్న వాదనకు ఈ పాత సంగతి బాగా పనికొస్తుంది. ఒకే కంపెనీ చేతిలో ఉండే ఫేస్‌బుక్, ఎక్స్ లాంటివి మేలా, ఎవరి సర్వరు వారు నడుపుకుంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాస్టొడాన్ లాంటివి మేలా అని అడిగేవాళ్లు దీన్ని కొత్త ప్రశ్న అనుకుంటున్నారు. గోదావరి డెల్టా దీన్ని అర్ధశతాబ్దం పాటు ఆచరణలో చూసింది. ఆ అనుభవం చెప్పేది ఒకటుంది: అచ్చుకూటాలు అనేకం కావడం ఒక్కటే ఆనాటి బలం కాదు. వాటన్నిటి మధ్యా తిరిగే తపాలా ఏ పత్రికాధిపతికీ సొంతం కాకపోవడం అంతకన్నా పెద్ద బలం.

వీరేశలింగానికి గట్టి ప్రత్యర్థి కొక్కొండ వెంకటరత్నం పంతులు. ఆయన 1871 నుంచి మద్రాసులో ‘ఆంధ్రభాషా సంజీవని’ నడుపుతున్నారు. స్త్రీవిద్య మీద, భాష మీద ఇద్దరికీ పడేది కాదు. పంతులుగారు ‘హాస్యవర్ధని’ తెస్తే, వీరేశలింగం 1876లో ‘హాస్యసంజీవని’తో జవాబిచ్చారు. ఒకరి పత్రికలో మరొకరు చోటు అడుక్కోనక్కర్లేదు. ఒకరి నోరు మూయించే అధికారం రెండోవారికి లేదు. పాఠకుడు రెండూ తెప్పించుకుని ఎవరి వాదం నిలుస్తుందో తానే చూసుకోవచ్చు. 1879లో వీరేశలింగం వితంతు వివాహంపై ఉపన్యాసాలిచ్చినప్పుడు పండితులు ఎదురు తిరిగారు, ఖండనలు వచ్చాయి, వాటికి మళ్లీ సమాధానాలు వచ్చాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన మొదటి వితంతు వివాహం వెనుక ఈ బహిరంగ వాదప్రతివాదం అంతా ఉంది. అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు పత్రికలు ఒకే పాఠకుడి ముందు తలపడగలిగాయంటే అందుకు కారణం తపాలా. 1854 చట్టంతో దూరంతో నిమిత్తం లేకుండా దేశమంతటా ఉత్తరానికి ఒకే రేటు వచ్చింది. 1877లో వి.పి.పి. వచ్చాక ఊరు దాటకుండానే పుస్తకం తెప్పించుకుని, చేతికందాక డబ్బు కట్టే వీలు కలిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారీ ఇచ్చాయి. ఆ తపాలా పరాయి ప్రభుత్వానిది, అవసరమనుకుంటే కట్టలు విప్పి చూసే ప్రభుత్వానిది, నిజమే. అయినా అది సొంతంగా పత్రిక నడపలేదు. వీరేశలింగం కట్టను ముందు పంచి కొక్కొండవారి కట్టను అడుగున పడేస్తే దానికి ఒరిగే లాభమూ లేదు.

ఇప్పటి కంపెనీల దగ్గర అచ్చుకూటం, తపాలా, పాఠకుల చిట్టా మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. ఎవరి మాట ఎవరి కంట పడాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు, అదీ ప్రకటనల రాబడిని బట్టి. 2016లో మొదలైన మాస్టొడాన్, 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించిన యాక్టివిటీపబ్ అనే నియమావళి చేసిన పని ఈ మూడింటినీ విడదీయడమే. సర్వర్లు ఎవరివి వారివి, వాటి మధ్య కబురు మోసే నియమం అందరిదీ. ఇలాంటివి నిలవవని, డబ్బు చాలక మూతపడతాయని ఒక ఆక్షేపణ ఉంది. మూతపడతాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం నడిపిన ‘మనోరమ’, ‘దేశమాత’ ఆగిపోయాయి. అప్పటి పత్రికల్లో ఎక్కువ భాగం అల్పాయుష్కులే. కానీ ఒక పత్రిక పోతే సంభాషణ పోలేదు. రచయిత మరో పత్రికకు రాశాడు, పాఠకుడు మరో పత్రికకు చందా కట్టాడు, పాత సంచికలు ఇళ్లలోనూ గ్రంథాలయాల్లోనూ మిగిలాయి. 1898లో పుట్టిన వసురాయ గ్రంథాలయం రత్నకవి గ్రంథాలయంతో కలిసి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయమై ఆ కాగితాలను మన కాలందాకా మోసుకొచ్చింది. కంపెనీ వేదిక పోయినప్పుడు జరిగేది వేరు. 2014లో ఆర్కుట్ మూతపడింది. తెలుగు సహా భారతీయ భాషల్లో నడిచిన ‘కూ’ 2024 జులైలో ఆగిపోయింది. అక్కడ రాసుకున్నవారికి కొత్త చోటుకు పాఠకులను వెంటబెట్టుకు వెళ్లే దారి లేకపోయింది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ కులానిది. ఆ అచ్చుకూటాలన్నీ ఎవరివి? చదువు, డబ్బు, పరపతి ఉన్న అగ్రవర్ణ పురుషులవి. వెనుక కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య లాంటి దాతలు. దీన్ని తోసిపుచ్చడం కుదరదు, తోసిపుచ్చకూడదు కూడా. యంత్రాలు చెదిరి ఉన్నంత మాత్రాన సమానత్వం రాదు. అయితే తలుపు ఎటు నుంచి తెరుచుకుందో చూడాలి. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ తెచ్చారు. 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ తెచ్చినప్పుడు సంపాదకత్వమే స్త్రీల చేతికి వెళ్లింది. మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ దాన్ని నడిపారు, భండారు అచ్చమాంబ అందులో రాశారు. ఆ దశాబ్దంలోనే కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ నడుపుతూ వీరేశలింగం సంస్కరణలతోనే విభేదించారు. ఆమె వాదం నాకు నచ్చదు. కానీ ఒక స్త్రీ తన పత్రికలో, తన సంపాదకత్వంలో ఆ కాలపు మహాపురుషుడిని ఎదిరించగలగడం నాకు చాలా విలువైన సంగతి. ఆ తర్వాతి తరంలో రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న, గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాటకు ఎదురుగా ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాసి, తానే ‘జయభేరి’ పత్రిక నడిపారు. ఆ మాటకు చోటిమ్మని ధర్మన్న ఏ పెద్ద పత్రికనూ బతిమాలుకోలేదు. ఆ రోజు రావడానికి చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యం కులానిది.

దూషణల మాటేమిటి, ఎవరికి వారు సర్వరు పెట్టుకుంటే అబద్ధాలకు జవాబుదారీ ఎవరని అడుగుతారు. 1867 నాటి ముద్రణ చట్టం ప్రకారం ప్రతి పత్రిక మీదా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండాల్సి వచ్చేది. తిట్టినవాడు ఎవరో ఊరికి తెలిసేది, కోర్టుకెక్కడానికి చిరునామా దొరికేది. ఆ చిరునామాయే పోలీసులకూ దారి చూపింది. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసినదానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లారు. అంతకు ముందు ఏడాది బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి చెప్పిన పద్యం నోటి నుంచి నోటికి పాకింది. దాన్ని జప్తు చేయడానికి యంత్రమే లేదు. చెదిరి ఉన్న వ్యవస్థ ప్రభుత్వం నుంచి పూర్తి రక్ష ఇవ్వదు, దారినే మూసేస్తే అసలే ఇవ్వదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురం తగలబడ్డాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు వాట్సాప్ అయినా మాస్టొడాన్ అయినా ఒకటే.

పెద్ద సంస్థలు చేసిన మేలునూ ఒప్పుకోవాలి. 1974లో విశాఖలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా సంచికలు తెచ్చి, ఏ రాజమండ్రి పత్రికా పట్టించుకోని పల్లె వార్తను ఆ పల్లెకే అచ్చులో చూపించింది. ఆ విస్తృతి చిన్న అచ్చుకూటాలకు ఎన్నడూ సాధ్యం కాలేదు. ఫేస్‌బుక్ అంతకు ఎన్నో రెట్లు చేసింది. విస్తృతి కావాలంటే పెత్తనం తప్పదన్నది మాత్రం నేను ఒప్పుకోను. మన దేశంలోనే 2011 నుంచి ఫోన్ కంపెనీ మారినా నంబరు మనదే. 2016లో యూపీఐ వచ్చాక ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఏ బ్యాంకుకైనా డబ్బు వెళ్తోంది. వాట్సాప్ ఇతర మెసేజ్ సేవలకు దారి ఇవ్వాలని యూరప్ చట్టం చేసింది, దాని నిబంధనలు 2024 మార్చి నుంచి అమల్లో ఉన్నాయి. టెలిఫోనుకూ బ్యాంకుకూ పెట్టిన షరతు సామాజిక మాధ్యమాలకు పెట్టడానికి సాంకేతికంగా అడ్డు లేదు, యాక్టివిటీపబ్ సిద్ధంగానే ఉంది. రావులపాలెంలో రాసే అమ్మాయి ఒక వేదిక నచ్చక మరోదానికి మారితే ఆమె రాతలు, ఆమె పాఠకులు వెంట రావాలని చట్టంలో రాయించుకోవాలి.