కొత్త చైను, పాత పళ్ళు: అనంతపురం సీమలో సైకిలు మరమ్మతు చరిత్ర

ముందటి పాఠంలో దత్తమండలాల కరువులను గురించి, రైలుమార్గాలను గురించి చదివారు. ఈ పాఠం చాలా చిన్న వస్తువును గురించి: సైకిలు చైను. చరిత్ర పాఠంలో దానికి చోటెందుకని మీకు అనిపించవచ్చు. అనంతపురం జిల్లాలో ఇరవయ్యో శతాబ్దపు బడిపంతులు, తపాలా మనిషి, పాలవాడు, ధర్మవరం నేతగాడు, శనక్కాయల బేరగాడు అందరూ సైకిలు తొక్కినవారే. సైకిలు మన దేశానికి ఎలా వచ్చిందో చెప్పే పుస్తకాలు ఉన్నాయి. వచ్చిన సైకిలు ముప్పై, నలభై ఏళ్ళు ఎలా నడిచిందో చెప్పేవి తక్కువ. ఆ రెండో ప్రశ్నకు జవాబు మరమ్మతు షాపుల్లో దొరుకుతుంది.

ఒక మామూలు సమస్యతో మొదలుపెడదాం. మీ ఇంట్లో పాత సైకిలు ఉంది. చైను వదులై మాటిమాటికీ పడిపోతోంది. డబ్బు కూడబెట్టి కొత్త చైను వేయించారు. ఇక హాయిగా తొక్కవచ్చు అనుకుంటే ముందుకన్నా గరుకుగా ఉంది. పెడలు కింద కరకరమంటోంది. మిట్ట ఎక్కేటప్పుడు టక్కుమని జారి, కాలు ఒక్కసారిగా కిందికి పడుతోంది. షాపువాడు నాసిరకం సరుకు అంటగట్టాడని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చైనుది కాదు, షాపువాడిదీ కాదు. ఎవరిదో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

అర అంగుళం కథ

ఈనాటి సైకిలు చైనుకు మూలమైన బుష్ రోలర్ చైనును హాన్స్ రెనాల్డ్ 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రూపొందించాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' సైకిలు, వెనుక చక్రాన్ని చైనుతో తిప్పే పద్ధతిని స్థిరపరచింది. చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు ఉన్న దూరాన్ని పిచ్ అంటారు. తొలి సైకిళ్ళలో ఒక అంగుళం పిచ్ ఉన్న చైన్లూ ఉండేవి. క్రమంగా అర అంగుళం పిచ్, అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు ప్రమాణంగా నిలిచాయి.

రాలీ, హెర్క్యులీస్, బి.ఎస్.ఎ., హంబర్ వంటి బ్రిటిష్ సైకిళ్ళు ఓడల్లో దిగుమతి అయ్యేవి. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పోయే మద్రాసు-బొంబాయి రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది కనుక, రేవులో దిగిన సరుకు ఈ పీఠభూమికి చేరడానికి దారి ముందే సిద్ధంగా ఉంది. స్వాతంత్ర్యం తరువాత పరిస్థితి మారింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీ మొదలయ్యాయి. హీరో స్థాపకులైన ముంజాల్ సోదరులు నేటి పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా నుంచి వచ్చినవారు. వారు ముందు సైకిలు విడిభాగాల వ్యాపారం చేశారు, పూర్తి సైకిలు ఆ తరువాత వచ్చింది. ఈ వరుసను గుర్తుంచుకోండి. సైకిలును ఒకసారి కొంటే విడిభాగాలను జీవితాంతం కొంటూనే ఉండాలి.

భారతీయ తయారీదారులు బ్రిటిష్ కొలతలనే ఉంచుకున్నారు. అందువల్ల బర్మింగ్‌హామ్‌లో తయారైన హెర్క్యులీస్‌కు లూధియానా చైను పడుతుంది. మన పల్లెల్లో ఒక చెక్కపెట్టె, నాలుగు పానాలు, ఒక సుత్తితో షాపు పెట్టగలగడానికి ఈ అర అంగుళమే కారణం. 2020లో అట్లాస్ తన చివరి కర్మాగారంలో పని ఆపేసినా ఆ సైకిళ్ళు మూలపడలేదు, వాటికి సరిపోయే చైను వేరేవాళ్ళు చేస్తూనే ఉన్నారు.

కానీ ప్రమాణం హామీ ఇచ్చేది కొత్త భాగానికి మాత్రమే. వాడిన భాగానికి దాని సొంత కొలత వస్తుంది.

అరుగుదల ఏం చేస్తుంది?

చైను 'సాగింది' అంటాం. నిజానికి ఇనుప రేకులు సాగవు. పిన్నులు, వాటి చుట్టూ ఉన్న బుష్‌లు అరుగుతాయి. ఒక్కోచోట వెంట్రుకవాసి సందు వస్తుంది, వంద లింకుల్లో ఆ సందులన్నీ కూడి చైను పొడవెక్కుతుంది. పొడవెక్కిన చైను ఫ్రీవీలు పళ్ళను తనకు తగ్గట్టు కోసుకుంటుంది. పంటి మొదలు గుంటపడి, కొన కొక్కెంలా వంగినట్టు కనబడుతుంది. పాత చైను, పాత ఫ్రీవీలు కలిసి అరిగాయి కనుక చప్పుడు లేకుండా సర్దుకుపోతాయి. అక్కడికి సరైన అర అంగుళం చైను వచ్చిందనుకోండి. భారమంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. రోలరు పంటి గుంటలో కూర్చోలేక పైకి ఎగబాకి, గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. మీ కాలికి తెలిసే గరుకు అదే. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది: అరిగిన చైనును అలాగే ఉంచి ఫ్రీవీలు ఒక్కటే మార్చడం. అప్పుడు పాత చైను కొత్త పళ్ళను త్వరగా తినేస్తుంది.

ముందున్న పెద్ద చైన్‌వీలుకు సాధారణంగా 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే ఫ్రీవీలు దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఎక్కువసార్లు చైను కింద పడేది వెనుక పళ్ళే. ముందుగా అరిగేవీ అవే.

ఎర్రమట్టి, అప్పు

ఈ అరుగుదల అన్నిచోట్లా ఉన్నదే, అయితే ఇక్కడ వేగం ఎక్కువ. అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నేల ఎక్కువగా ఎర్రటి ఇసుకమట్టి. ఏడాదిలో చాలా నెలలు దారి మీద దుమ్మే. ఆ ఇసుకలోని పలుగురాయి రేణువు మెత్తని ఉక్కు కన్నా గట్టిది. నూనె ఓడుతున్న చైనుకు అది అంటుకుంటే సానపట్టే ముద్ద తయారవుతుంది. ఎద్దులబండి ఇరుసుకు ఆముదం కందెన పెట్టిన సీమ ఇది. కందెన ఎంత పోస్తే అంత మేలనుకొనేవారు ఇంకా ఉన్నారు. చైనుకు నూనె కావలసింది రోలరు లోపల, పైన ఉన్నది గుడ్డతో తుడిచేయాలి.

వేసవిలో నీళ్ళ బిందెల సైకిళ్ళు మీరు చూసే ఉంటారు. పదిహేను లీటర్ల బిందెలు నాలుగు కడితే అరవై కిలోలు. నడిపించుకుంటూ పోతే చైను మీద భారం ఉండదు, ఎక్కి తొక్కినవాడి చైనే అరుగుతుంది.

ఇక డబ్బు సంగతి. వానాధార వేరుశనగ రైతుకు చేతిలో పైకం ఆడేది ఏడాదికి ఒకసారి, కాయలు అమ్మినప్పుడు. వాన తప్పితే అదీ లేదు. "శెనక్కాయలు అమ్మినాక ఇస్తాలే అన్నా" అన్న మాట మీద నడిచిన షాపులు ఎన్నో. అలాంటి చోట చైను, ఫ్రీవీలు, చైన్‌వీలు ఒకేసారి మార్చుకోమనడం చెప్పినంత సులభం కాదు. తెగినదాన్నే మారుస్తారు. వదులైతే ఒక జత లింకులు తీసేసి బిగిస్తారు. పడిపోవడం ఆగుతుంది, పిచ్ మాత్రం బాగుపడదు. మూడోసారి లింకులు తీసేనాటికి ఫ్రీవీలు పళ్ళు ఆ చైనుకు తప్ప మరిదేనికీ పనికిరావు.

బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన 'ద షాక్ ఆఫ్ ది ఓల్డ్'లో, సాంకేతికత చరిత్రను ఆవిష్కరణల నుంచి కాక వాడకం నుంచి, నిర్వహణ నుంచి రాయాలని వాదించాడు. నాకు ఆ వాదన సమ్మతమే. అయితే మన దగ్గర దాన్ని అందుకొని, పేదవాడి సర్దుబాటు తెలివిని పొగిడి ఊరుకొనే ధోరణి ఒకటి బయలుదేరింది. తెలివి ఉన్నమాట నిజం. కానీ ఒక్కొక్క భాగమే మార్చుకొనేవాడు మొత్తం మీద ఎక్కువ ఖర్చు పెడతాడు, ఎందుకంటే పాత భాగం ప్రతిసారీ కొత్తదాని ఆయుష్షును కొంత తింటుంది. చేతిలో డబ్బు లేకపోవడానికి కట్టే వడ్డీ అది. ఏ బ్యాంకు లెక్కలోనూ కనబడదు.

గరుకు ఎక్కడిది?

అనుభవమున్న మెకానిక్ సైకిలును స్టాండు వేసి, పెడలు చేత్తో తిప్పి వింటాడు. ఆయన లెక్కపెట్టేది చప్పుడు ఎన్ని చుట్లకు ఒకసారి వస్తోందో. పెడలు ఒక చుట్టుకు ఒకసారి టక్కుమంటే అనుమానం క్రాంకు మీద, కాటర్ పిన్ను మీద, వంగిన చైన్‌వీలు మీద. కొత్త కాటర్ పిన్ను సరిగా దిగకపోతే, రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో కొట్టకపోతే, పెడళ్ళు ఒకే వరుసలో ఉండవు, పాదానికి వంకర తెలుస్తుంది. దాదాపు రెండున్నర పెడలు చుట్లకు ఒకసారి పట్టినట్టయితే చైనులోనే ఒక లింకు బిగుసుకుంది. 112 లింకుల చైను 44 పళ్ళ మీద పూర్తిగా తిరగడానికి పట్టే చుట్లు అన్నే. సాధారణంగా అది కొత్తగా కలిపిన లింకు దగ్గరే ఉంటుంది. కలిపే లింకు క్లిప్పు మూసిన కొన చైను కదిలే దిక్కుకు ఉండాలి. చప్పుడు ఎడతెగకుండా ఉంటే చైను మరీ బిగుతైందో, వెనుక చక్రం ఒక పక్కకు లాగి బిగించారో, ముందు వెనుక పళ్ళచక్రాలు ఒకే వరుసలో లేవో చూడాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం ఆడాలి. ఖాళీగా తిప్పితే ఏమీ లేక, భారం పడ్డప్పుడే జారితే, అది అరిగిన పళ్ళ పని.

ఈ వరుసలో మరో సంగతి ఉంది. ఖర్చు లేని పరీక్షలు ముందు, డబ్బు పెట్టవలసినవి చివర. మెకానిక్ దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, అప్పు పెట్టే గిరాకీ దగ్గర నేర్చుకున్నాడు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లోనో పొరుగింట్లోనో ఉన్న సైకిలు తీసుకోండి. 'బడికొస్తా' పథకంలో చెల్లెలికి వచ్చినదైనా పనికొస్తుంది. చైను బిగుతుగా ఉన్న చోట ఒక పిన్ను మధ్యకు స్కేలు సున్నా పెట్టండి. పిన్నుకూ పిన్నుకూ మధ్య ఒకటిగా 24 లెక్కపెట్టండి. ఆ పిన్ను 12 అంగుళాల గీత మీద ఉంటే చైను బాగున్నట్టు. అంగుళంలో పదహారో వంతు దాటితే మార్చే వేళ వచ్చింది. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీలు కూడా అరిగిపోయి ఉంటుంది, చైను ఒక్కటే కొనవద్దు. చక్రం తిరుగుతుండగా వేళ్ళు దగ్గర పెట్టకండి.

కొలత రాసుకున్నాక ఇంటి పెద్దలను అడగండి: సైకిలు ఏ ఏట కొన్నారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఆ ఏడు వాన ఎలా పడింది, డబ్బు ఎక్కడిది. వచ్చిన జవాబులను సంవత్సరాల వరుసలో ఒక పుటలో రాసి, చైను కొలతతో పాటు సంప్రదింపు తరగతికి తీసుకురండి.